కొత్త ఫిల్టర్ వేశామన్నారు, దాని మీద నా చేతిరాత ఉంది

బండి సర్వీసింగ్‌కి ఇచ్చి, తెచ్చుకుని, మళ్ళీ ఇచ్చి, మళ్ళీ తెచ్చుకుని, చివరికి ఇంకో మెకానిక్ దగ్గర నా కళ్ళ ముందు విప్పించి చూసేసరికి ఐదు వారాలు గడిచాయి. జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది. షాపు పేరు మాత్రం రాయడం లేదు, ఓనరుతో లెక్క ఇంకా తేలలేదు. పేరు లేకపోయినా ఇలాంటి షాపుని గుర్తుపట్టడానికి సరిపడా ఆనవాళ్ళు ఇందులో ఉన్నాయి.

ముందు బండి సంగతి. 150 సీసీ, ముందు డిస్క్ బ్రేకు, వెనక డ్రమ్ము, 30 వేల కిలోమీటర్లు దాటింది. రోజూ పనికి వెళ్ళేది దీని మీదే. వెనక సీటు మీద చాలా రోజులు మా అమ్మాయి కూర్చుంటుంది. ఆ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి, నాకు ఇంత కోపం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

నేను చెప్పిన కంప్లయింట్లు నాలుగు. చైన్ శబ్దం చేస్తోంది, ముందు బ్రేకు లీవర్ మెత్తగా ఉంది, మైలేజీ తగ్గింది, ఇంజన్ ఆయిల్ మార్చే టైమయింది. కౌంటర్‌లో ఉన్నతను నేను చెబుతున్నంతసేపూ తలూపాడు, జాబ్ కార్డు మీద మాత్రం "జనరల్ సర్వీస్, చైన్ చెక్, బ్రేక్ చెక్" అని మూడు ముక్కలు రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఆ షాపు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది, పెద్ద రేకుల షెడ్డు, శుభ్రమైన నేల, యూనిఫాం వేసుకున్న మెకానిక్‌లు, వరసగా నిలబెట్టిన బండ్లు. "రేపు సాయంత్రానికి ఇచ్చేస్తాం సార్" అన్నారు. బయటికి వచ్చే ముందు అలవాటు కొద్దీ మీటర్ ఫోటో ఒకటి తీసుకున్నాను. 30,112. ఆ ఫోటో ఎంత పనికొస్తుందో అప్పుడు తెలియదు.

రేపు సాయంత్రం అన్నది ఐదో రోజు సాయంత్రం అయింది. ఆలస్యం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు, పార్టు దొరకలేదనో మెకానిక్ సెలవులో ఉన్నాడనో చెబితే అర్థం చేసుకుంటాను. బాధ ఏమిటంటే ప్రతి ఫోనుకీ ఒక్కో జవాబు. ఒకసారి "పని నడుస్తోంది సార్", ఇంకోసారి "పార్టు కోసం చూస్తున్నాం", మూడోసారి "అయిపోయింది, ట్రయల్ వేస్తున్నాం". ట్రయల్ అన్న రోజు మధ్యాహ్నం అటువైపు పని ఉండి వెళ్తే, నా బండి నేను వదిలిన మూలలోనే ఉంది, సీటు మీద దుమ్ము కూడా అలాగే ఉంది, ఒక్క నట్టు కదిలిన గుర్తు లేదు. అడిగితే "మీదే తర్వాత సార్" అన్నారు. ఫోనులో ఒక మాట, ఎదురుగా ఒక మాట.

ఐదో రోజు తెచ్చుకోవడానికి వెళ్తే బండి మెరిసిపోతోంది. ట్యాంకు మీద పాలిష్, టైర్లకి నల్ల రంగు, చైన్ కవర్ తళతళ. బిల్లులో కొత్త చైన్ సెట్, ముందు బ్రేకు ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, క్లచ్ సర్దుబాటు, లేబర్. నన్ను అడగకుండా వేసినవి ఇందులో రెండున్నాయి, అయినా బండికి మంచిదేలే అనుకుని కట్టేశాను. పాత పార్టులు ఇవ్వమని అడిగాను. "చెత్తలో పోయాయి సార్, రోజూ తీసుకెళ్ళిపోతారు" అన్నారు. ట్రయల్ వేశారా అంటే "వేశాం సార్, వెన్నలా ఉంది" అన్నారు. ఇంటికొచ్చి మీటర్ చూస్తే, షాపు నుంచి ఇంటికి ఉన్న దూరం తీసేశాక మిగిలింది సున్నా. నేను వదిలినప్పుడు 30,112, నేను ఎక్కినప్పుడూ 30,112. చైన్ సెట్ మార్చి, బ్రేకులు విప్పిన బండిని ఒక్క కిలోమీటరు కూడా నడిపి చూడకుండా నా చేతికి ఇచ్చారు.

తేడా దారిలోనే తెలిసింది. చైన్ దగ్గర ముందు టకటకమనేది, ఇప్పుడు సన్నగా ఈలలాంటి మూలుగు, స్పీడు పెరిగేకొద్దీ అదీ పెరుగుతోంది. ముందు బ్రేకు ఎప్పటిలాగే మెత్తగా ఉంది, స్పాంజిని నొక్కినట్టు. క్లచ్ పట్టీ పట్టనట్టుంది. తెల్లారి చూస్తే బండి కింద నేల మీద చెయ్యంత ఆయిల్ మరక.

ఆ మర్నాడే మళ్ళీ వెళ్ళాను. వాళ్ళ జవాబు మీలో చాలామంది విన్నదే. "కొత్త పార్టులు సార్, సెట్ అవ్వాలి. ఒక రెండొందల కిలోమీటర్లు తిప్పండి."

ఈ మాట గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది, ఆ సగం నిజమే మనల్ని నోరు మూయిస్తుంది. కొత్త బ్రేకు ప్యాడ్లు డిస్కుకి పూర్తిగా ఒరుసుకోవడానికి కొంత దూరం పట్టడం నిజమే, అప్పటిదాకా పట్టు తక్కువగా ఉంటుంది, మెల్లగా నడపమని మంచి మెకానిక్ కూడా చెబుతాడు. కానీ పట్టు తక్కువగా ఉండటం వేరు, లీవర్ మెత్తగా దిగిపోవడం వేరు. లీవర్ గట్టిగా ఉండి బండి ఆగడానికి టైం పడుతుంటే అది ప్యాడ్ల సంగతి. లీవర్ స్పాంజిలా దిగుతుంటే పైపులో గాలి ఉన్నట్టు. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది, మన వేళ్ళ బలమంతా ప్యాడ్ల దాకా వెళ్ళకుండా ఆ గాలిని నొక్కడానికే పోతుంది. ఆ గాలి రెండొందలు తిప్పినా రెండు వేలు తిప్పినా తనంతట తాను పోదు, ఎవరో ఒకరు బ్రేకు దగ్గరుండే నిపుల్ అనే చిన్న స్క్రూ వదులు చేసి బయటికి తీయాలి. అలాగే చైన్ కొత్తలో కొంచెం సాగుతుంది, మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఒకసారి బిగించుకోవాలి, అదీ నిజమే. బిగించాల్సిన అవసరం వస్తుంది గానీ, మొదటి రోజే మూలగాల్సిన అవసరం లేదు. ఆయిల్ కారడం మాత్రం సెట్ అయ్యేది అసలే కాదు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు, ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు తెలియదు, వాళ్ళు యూనిఫాంలో ఉన్నారు, నేను కస్టమర్‌ని, సరేనన్నాను.

ఆయిల్ కారడం మాత్రం చూడమని గట్టిగా అడిగాను. బండి లోపలికి తీసుకెళ్ళి పూటంతా ఉంచుకున్నారు. నన్ను లోపలికి రానివ్వలేదు, "కస్టమర్లకి పర్మిషన్ లేదు సార్" అని ఒక బోర్డు చూపించారు. సాయంత్రం "వాషర్ సార్, మార్చేశాం" అని ఇచ్చారు. మరక ఆగింది. నాలుగు రోజులు. తర్వాత మళ్ళీ మొదలైంది.

మూడో వారంలో ఒక సాయంత్రం వాన పడుతోంది, ముందు లారీ మెల్లగా పోతోంది, దాన్ని దాటదామని పక్కకి తీసి యాక్సిలేటర్ తిప్పాను. ఇంజన్ గట్టిగా అరిచింది, బండి మాత్రం ముందుకు కదల్లేదు. లారీ పక్కన, ఎదుటి వాళ్ళ దారిలో, ఇంజన్ తిరుగుతోంది గానీ చక్రానికి బలం అందటం లేదు. ఎదురుగా ఒక కారు లైట్లు కనిపిస్తున్నాయి. యాక్సిలేటర్ వదిలేసి, వెనక్కి తగ్గి, మళ్ళీ లారీ వెనక్కి చేరుకున్నాను, అదృష్టం కొద్దీ లారీ వెనక ఎవరూ లేరు. ఆ రోజు మా అమ్మాయి వెనక లేదు. ఇంటికి చేరాక చాలాసేపు చేతులు వణికాయి.

ఆ షాపుకి ఇంక వెళ్ళదలుచుకోలేదు. తెలిసిన వాళ్ళు చెబితే ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్ళాను, ఒక్కడే పనిచేసుకునే మనిషి, వయసు యాభై దాటి ఉంటుంది. ఆయన బండిని వెంటనే ముట్టుకోలేదు. ముందు చుట్టూ తిరిగి చూశాడు, చైన్‌ని వేలితో నొక్కాడు, క్లచ్ లీవర్ రెండుసార్లు పట్టి వదిలాడు, తర్వాత ఒక చిన్న స్టూలు చూపించి "కూర్చో తమ్ముడూ, విప్పేటప్పుడు నువ్వు చూడాలి, తర్వాత నేను చెప్పింది నమ్మాల్సిన పని ఉండదు" అన్నాడు. ఆ మాట వినగానే సగం టెన్షన్ తగ్గింది.

క్లచ్‌తో మొదలుపెట్టాడు. లీవర్ చివర కొంచెం ఆట, అంటే ఊరికే కదిలే వదులు, ఉండాలి, చాలా బండ్లకి 10 నుంచి 20 మిల్లీమీటర్లు అని మాన్యువల్‌లోనే ఉంటుంది. నా బండికి అసలు ఆట లేదు, వైర్ వీణ తీగలా బిగించి ఉంది. అంటే నేను లీవర్ ముట్టుకోకపోయినా క్లచ్ ఎప్పుడూ కొద్దిగా నొక్కే ఉన్నట్టు. ప్లేట్లు పూర్తిగా అతుక్కోవు, జారుతూ వేడెక్కి అరిగిపోతాయి. బిల్లులో "క్లచ్ సర్దుబాటు" అని లేబర్ వేసి చేసింది ఇది. వైర్ సరిచెయ్యడానికి ఆయనకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ప్లేట్లు కొంత పోయే ఉంటాయి, ఇప్పుడైతే పని చేస్తాయి గానీ ఎక్కువ రోజులు రావు" అన్నాడు.

ఇంజన్ ఆయిల్ ఏది పోశారని అడిగాడు. బిల్లు చూపించాను, దాంట్లో "ఇంజన్ ఆయిల్ 1" అని తప్ప ఇంకేమీ లేదు, గ్రేడు లేదు, పేరు లేదు. ఇక్కడ నాకు తెలియని విషయం ఒకటి చెప్పాడు. గేర్ల బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కాబట్టి ఆయిల్ మరీ జారుడుగా ఉన్నా క్లచ్ జారుతుంది. దీనికోసమే జపాన్ ఆటోమొబైల్ ప్రమాణాల సంస్థ 1998లో విడిగా ఒక ప్రమాణం పెట్టింది, డబ్బా మీద జాసో ఎంఏ అని గానీ ఎంఏ2 అని గానీ ఉంటే ఇలాంటి క్లచ్‌కి సరిపోతుంది, ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకి. నా బండిలో ఏది పోశారో ఎవరికీ తెలియదు కాబట్టి మొత్తం తీసేసి కొత్తది పోద్దామన్నాడు.

ఆయిల్ తీద్దామని డ్రెయిన్ బోల్టుకి పానా పెడితే అది బిగుతే తెలియకుండా గిర్రున తిరిగింది. చుట్టూ ఎర్రటి సిలికాన్ పేస్టు. మర మొత్తం పోయింది. ఇంజన్ అడుగు అల్యూమినియంది, బోల్టు స్టీలుది, పొడుగాటి పానాతో బలం కొద్దీ బిగిస్తే ఓడేది అల్యూమినియమే. మొదటి రోజు అలా బిగించి మర పాడుచేశారు, రెండోసారి నేను వెళ్ళినప్పుడు "వాషర్ మార్చాం" అని చెప్పి పేస్టు పూసి అతికించారు. వాషర్ పాతదే, రెండు పక్కలా నలిగి గాడి పడి ఉంది. ఈ బోల్టు రోడ్డు మీద ఊడిపోయి ఉంటే ఆయిల్ మొత్తం నిమిషంలో కారిపోయేది, అదీ నేరుగా వెనక చక్రం ముందు. ఆయన హెలికాయిల్ అనే స్టీలు చుట్ట లోపల బిగించి కొత్త మర తయారుచేశాడు. దానికి ఒక పూట పట్టింది.

చైన్ దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం మారింది. చైన్‌కి మధ్యలో కిందకీ పైకీ కదిలే సందు ఉండాలి, ఇలాంటి బండ్లలో సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు, కచ్చితమైన కొలత బండి మాన్యువల్‌లో ఉంటుంది. మనం కూర్చున్నప్పుడు, గుంతలో పడ్డప్పుడు వెనక షాకబ్జర్లు దిగుతాయి, అప్పుడు చైన్ తిరిగే రెండు పళ్ళ చక్రాల (స్ప్రాకెట్ల) మధ్య దూరం పెరుగుతుంది, ఆ పెరుగుదలకే ఆ వదులు. నా చైన్‌కి వదులే లేదు. నేనొక్కణ్ణే ఉంటే మూలుగు, అమ్మాయి కూడా కూర్చుంటే ఆ మూలుగు ఇంకా ఎక్కువ ఎందుకయ్యేదో నాకప్పుడు అర్థమైంది, ఇద్దరి బరువుకీ చైన్ తీగలా లాగుకుపోయి గేర్‌బాక్స్ షాఫ్టునీ వెనక చక్రం బేరింగులనీ గుంజుతోంది. పైగా వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ మీద రెండు వైపులా గీతలుంటాయి, చక్రం తిన్నగా ఉండాలంటే రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. ఎడమ పక్క ఒక గీత, కుడి పక్క దానికి రెండు గీతలు వెనక. చక్రం వంకరగా నడుస్తోంది ఇన్నాళ్ళూ.

చైన్ జాయింటు క్లిప్పు కూడా తిరగేసి వేశారు. ఆ క్లిప్పు చూడ్డానికి చేపలా ఉంటుంది, మూసి ఉన్న తల చైన్ వెళ్ళే వైపుకి ఉండాలి, తెరిచి ఉన్న తోక వెనక్కి ఉండాలి. అప్పుడు ఏదైనా తగిలినా ఊడదు. నాది తోక ముందుకు ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు. వెనక డ్రమ్ము దగ్గర టార్క్ రాడ్ అని ఒకటుంటుంది, చాలామందికి దాని పేరు కూడా తెలియదు, నాకూ తెలియదు. బ్రేకు తొక్కినప్పుడు లోపలి షూలు చక్రాన్ని పట్టుకుంటాయి, చక్రం వాటిని తనతో పాటు తిప్పెయ్యాలని చూస్తుంది, ఆ షూలున్న ప్లేటు తిరగకుండా స్వింగ్ ఆర్మ్‌కి కట్టి ఉంచేది ఈ రాడ్డే. దాని నట్టు వదులై రాలిపోకుండా బోల్టు చివర రంధ్రంలో ఒక స్ప్లిట్ పిన్ను వేస్తారు, వేలెడు కూడా ఉండదు, చైన్ మార్చేటప్పుడు విప్పాల్సి వస్తుంది. నా బండికి ఆ పిన్ను లేదు. నట్టు చేత్తోనే తిరిగింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తిప్పి చూపించాడు, ఏమీ మాట్లాడలేదు. నేనే అడిగాను, ఇది ఊడితే ఏమవుతుందన్నా అని. "బ్రేకు తొక్కగానే ప్లేటు గిర్రున తిరుగుతుంది, చక్రం బిగుసుకుపోతుంది. స్పీడులో ఉంటే పడిపోతావు" అన్నాడు. మూడు వారాలు మా అమ్మాయిని ఈ బండి మీదే తీసుకెళ్ళాను.

ముందు బ్రేకు సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్యాడ్లు మాత్రం కొత్తవే, అది ఒప్పుకోవాలి. బ్రేక్ ఆయిల్ మార్చామని బిల్లులో ఉంది, కానీ హ్యాండిల్ మీద ఉండే చిన్న డబ్బా మూత స్క్రూల గాట్లలో పాత దుమ్ము గట్టిపడి అలాగే ఉంది, స్క్రూడ్రైవర్ ముట్టిన గుర్తే లేదు. లోపల ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది, కొత్తదైతే దాదాపు నీళ్ళలా తేటగా, లేత పసుపుగా ఉంటుంది. ఈ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, అందుకే సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చమంటారు. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీళ్ళు చేరాక పరీక్షిస్తే ఆ హద్దు 155కి పడిపోతుంది. దిగుడు రోడ్డులో బ్రేకు పట్టి పట్టి వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. ఇది చెయ్యకుండా చేశామని రాయడం చిన్న విషయం కాదు.

ఇక ఫిల్టర్. మిగతా వాటికి వాళ్ళు ఏదో ఒక సాకు చెప్పగలరు, పొరపాటు జరిగిందనో కుర్రాడు కొత్తవాడనో. దీనికి చెప్పలేరు. కిందటిసారి ఎయిర్ ఫిల్టర్ నేనే మార్చుకున్నాను, సీటు పక్క ప్యానెల్ తీస్తే నాలుగు స్క్రూలు, అంతే పని. ఎప్పుడు మార్చానో గుర్తుండాలని ఫిల్టర్ ప్లాస్టిక్ అంచు మీద మార్కర్‌తో మీటర్ రీడింగ్ రాసి పెట్టుకున్నాను. ఆయన ప్యానెల్ తీసి ఫిల్టర్ బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. అంచు మీద నీలం రంగులో 18,240 అని నా రాత. "కొత్తదని డబ్బులు తీసుకున్నారా?" అని అడిగాడు. బిల్లు చూపించాను. పైగా ఇది ఆయిల్ పూత ఉన్న కాగితం ఫిల్టర్, గాలి కొట్టి మళ్ళీ వాడకూడదు, మార్చాల్సిందే. వాళ్ళు గాలి కూడా కొట్టలేదు, మడతల్లో దుమ్ము కుక్కినట్టు ఉంది. నేను మొదటి రోజు చెప్పిన మైలేజీ కంప్లయింట్‌కి కారణం చాలావరకు ఇదే కావచ్చు అన్నాడు. అంటే దాన్ని తెరిచి కూడా చూడలేదు.

ఆయన అన్నీ సరిచేశాక, విప్పిన పాత సామానంతా ఒక సంచీలో వేసి నేను అడక్కుండానే నాకిచ్చాడు. తర్వాత బండి తీసుకుని తనే ఒక చుట్టు తిరిగొచ్చాడు, చైన్ మళ్ళీ చూసి, చెయ్యి తుడుచుకుని అప్పుడు తాళం ఇచ్చాడు. రసీదు కాగితం ముక్క మీద రాసిచ్చాడు గానీ అందులో ఆయిల్ గ్రేడుతో సహా ప్రతిదీ ఉంది.

ఆ సంచీతో, ఫోటోలతో, రెండు బిల్లులతో మొదటి షాపుకి వెళ్ళాను. కౌంటర్ అతను బండి వేరే చోట విప్పించారు కాబట్టి తమకి సంబంధం లేదన్నాడు. ఓనరుతో మాట్లాడాలన్నాను, లేరన్నారు. కూర్చుంటానన్నాను. గంటన్నరకి వచ్చాడు. నేను గొంతు పెంచలేదు. జాబ్ కార్డు, మీటర్ ఫోటో, బిల్లు వరసగా పెట్టి, ఆఖరున ఫిల్టర్ పెట్టాను. టార్క్ రాడ్ పిన్ను గురించి చెబితే "అది వాళ్ళే తీసి ఉంటారు సార్" అన్నాడు. డ్రెయిన్ బోల్టు ముందే పోయి ఉందన్నాడు. ఫిల్టర్ మీద నా రాత చూపిస్తే మాత్రం కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత "బిల్లింగ్‌లో పొరపాటు" అన్నాడు. ఫిల్టర్ డబ్బులు, బ్రేక్ ఆయిల్ డబ్బులు అక్కడికక్కడే వెనక్కి ఇచ్చాడు. లేబర్, డ్రెయిన్ బోల్టు రిపేరు ఖర్చు, అరిగిన క్లచ్ ప్లేట్ల సంగతి అడిగితే "చూసి చెబుతాం" అన్నాడు. ఆ ఫిల్టర్ ఇక్కడ వదిలి వెళ్ళమన్నాడు, కుర్రాళ్ళకి చూపిస్తానని. ఇవ్వలేదు.

అక్కడ పనిచేసే కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు, నిజంగానే. ముగ్గురు మెకానిక్‌లకి రోజుకి ఇరవై బండ్ల పైన కనిపించాయి నాకు, ప్రతి బండి వెనకా "ఇంకా అవ్వలేదా" అని కౌంటర్ నుంచి అరుపు. ఆ తొందరలో పిన్ను మర్చిపోతారు, గీతలు చూడరు, మీదపడి బోల్టు బిగిస్తారు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, రెండోసారి వెళ్ళినప్పుడు "మర పోయింది సార్, మాదే తప్పు, సరిచేసి ఇస్తాం" అని ఉంటే ఈ రివ్యూ వేరేలా ఉండేది, బహుశా ఇప్పటికీ అక్కడికే వెళ్తూ ఉండేవాణ్ణి. పేస్టు పూసి వాషర్ అని చెప్పడం, ముట్టుకోని ఫిల్టర్‌కి బిల్లు వెయ్యడం తొందర వల్ల జరిగేవి కావు. అవి కౌంటర్ దగ్గర కూర్చుని చేసిన పనులు. బండి తుడిచి పాలిష్ పెట్టడానికి వాళ్ళ దగ్గర టైం ఉంది, కిలోమీటరు నడిపి చూడటానికి లేదు.

ఇప్పుడు నేనైతే బండి ఎక్కడ ఇచ్చినా జాబ్ కార్డు మీద నా కంప్లయింట్లు నా మాటల్లోనే రాయిస్తున్నాను, "చెక్" అనే మాట దగ్గర ఆగి ఏం చెక్ చేస్తారో అడుగుతున్నాను. అడగకుండా ఏదీ మార్చొద్దని, మార్చినవాటి పాతవి నాకు కావాలని ముందే దాని మీద రాయిస్తున్నాను. పాత పార్టు చూపించలేని షాపు కొత్తది వేసిందని నేను నమ్మను, ఇందులో నాకు ఇంక రెండో అభిప్రాయం లేదు. బండి తీసుకున్నాక అక్కడే, షాపు ముందే, ఒక చుట్టు తిరిగి వచ్చి డబ్బులు కడుతున్నాను. కొందరికి ఇది అనుమానంలా కనిపిస్తుంది, ముఖం మాడ్చుకుంటారు కూడా. స్టూలు వేసి కూర్చోబెట్టిన మెకానిక్ మాత్రం మాడ్చుకోలేదు.

బండి ఇప్పుడు 31,400 దాటింది. చైన్ శబ్దం లేదు, ముందు లీవర్ గట్టిగా ఉంది, నేల మీద మరక లేదు, మైలేజీ మునుపటికి దగ్గరగా వచ్చింది. క్లచ్ ప్లేట్లు మాత్రం ఇంకో రెండు మూడు వేల కిలోమీటర్లకి మించి రానట్టున్నాయి, ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కోసారి తెలుస్తోంది. షాపు నుంచి "చూసి చెబుతాం" అన్న ఫోను ఇంతవరకు రాలేదు. నేను రాతపూర్వకంగా ఒక లెటర్ ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాను. ఒక్క స్టార్ ఇస్తున్నాను. లెక్క తేలితే, తేలకపోయినా, ఇదే రివ్యూ కింద రాస్తాను.